నవ్వితే ఓడినట్టు

నా తమ్ముణ్ణి ఎన్నికల్లో ఓడించింది పద్నాలుగు సెకన్ల వీడియో అని మా ఊళ్ళో అందరూ అంటారు. అననీ. ఆ పద్నాలుగు సెకన్లకు ముందూ వెనకా ఏముందో తెలిసినవాళ్ళు ముప్పై మందికి తక్కువ లేరు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ ముప్పై మందిలో నేనూ ఒకదాన్ని. ఇది తెలుగులో రాస్తున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. తమిళనాడులో ధర్మపురి చుట్టుపక్కల మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే గానీ ఆ అక్షరాలు చదివేవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నేను చిన్నప్పుడు హోసూరు దగ్గర మేనత్త ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివాను గనక నాకు వచ్చింది. నా తమ్ముడికి రాదు.

మా వాళ్ళ పెళ్ళిళ్ళలో ఎదురుకోలు నాడు ఒక ఆట ఉంది. మగపెళ్ళివారు విడిదిలో దిగి కాళ్ళు కడుక్కున్నాక రెండు పక్షాలూ ఎదురెదురుగా జంపఖానాల మీద కూర్చుంటాయి. పెళ్ళికూతురి తరఫున మేనమామ, పెళ్ళికొడుకు తరఫున తండ్రి. ఒకరి ఊరిని ఒకరు దెప్పాలి. ఎంత ఘోరంగా దెప్పితే అంత గొప్ప. నియమం ఒకటే, నవ్వకూడదు. ఏ పక్షంలో ఎవరు నవ్వినా, ముసలమ్మ నవ్వినా చంటిపిల్ల తల్లి నవ్వినా, ఆ పక్షం ఓడినట్టు. ఓడినవాళ్ళు ఆ పూట మొదటి బంతికి వడ్డించాలి. అందుకని అందరూ చావు కబురు విన్నవాళ్ళలాగా మొహాలు బిగించుకుని కూర్చుంటారు. లోపల కడుపులు ఎగిరెగిరి పడుతుంటాయి. కొత్తవాడు చూస్తే మాత్రం రెండు ఊళ్ళూ కొట్లాటకు దిగాయనే అనుకుంటాడు.

నా కూతురి పెళ్ళిలోనూ ఈ ఆట ఆడాం. మా ఆయన పోయి ఆరేళ్ళు. పెళ్ళి మొత్తం తమ్ముడే నిలబడి చేశాడు. మంటపం మాట్లాడింది వాడు, వంటవాళ్ళను తెచ్చింది వాడు, కన్యాదానానికి పీటల మీద కూర్చున్నది వాడూ వాడి పెండ్లామూ. నేను చీరలు మడతపెట్టడం, ఏడవడం తప్ప ఏమీ చేయలేదు.

అల్లుడిది పరాయి ఊరేం కాదు. సేలం నుంచి తొప్పూరు కనుమ ఎక్కి వచ్చాక రోడ్డు పక్కన మా ఊరు. అక్కడినుంచి రెండు మైళ్ళు లోపలికి పోతే వాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో మా తెలుగు ఇళ్ళు పదో పన్నెండో, తక్కినవన్నీ తమిళ కుటుంబాలు. ఆ ఊరి బోరునీళ్ళు మంచివి కావు. పదేళ్ళు తాగితే పళ్ళకు పసుపు మరకలు పడతాయి, ఇంకో పదేళ్ళు తాగితే మోకాళ్ళు పట్టేస్తాయి. మా ఊరిదాకా వచ్చిన మంచినీళ్ళ పైపు వాళ్ళ ఊరికి పోలేదు. ఆ పైపు కోసం ఏ పదవీ లేకుండానే మూడేళ్ళు మండలాఫీసు లాంటి యూనియన్ ఆఫీసు చుట్టూ తిరిగినవాడు నా తమ్ముడు. చిరుగుల పాత బ్యాగులో అర్జీల నకళ్ళు పెట్టుకుని బస్సెక్కేవాడు. అట్లా తిరుగుతున్నప్పుడే ఆ ఊళ్ళో ఈ సంబంధం కుదిరింది.

ఆ రోజు జంపఖానా మీద కూర్చుని వాడు మొదలుపెట్టిన మాట ఇది.

"మీ ఊరికి మంచినీళ్ళేమిటికి? ఆ బోరునీళ్ళు తాగి తాగి పండ్లకు పట్టిన పసుపే మీకు అందం. మంచినీళ్ళు తాగితే మీరు ఏ ఊరోళ్ళో గుర్తుపట్టేదెట్ల?"

ఎవరూ నవ్వలేదు. నవ్వితే వడ్డించాలి కదా. మా వియ్యంకుడు రెండు ఊళ్ళకూ కలిసి ఉన్న పాల సొసైటీకి సెక్రటరీ. ఆయన తువ్వాలు సర్దుకుని, మొహంలో ఒక్క గీత కదలకుండా జవాబు చెప్పాడు.

"మాకు నీళ్ళు లేకుంటే ఏమి, మీ ఊరి పాలుండాయి గదా. మీరు క్యాన్లలో పోసేది నీళ్ళే గదా. ఇరవై ఏండ్లుగా మిషన్ పెట్టి చూస్తా ఉండాను. మీ ఊరి పాలు తెల్లగా ఉండేది సున్నంతోనేమో."

నేనూ ఆ సొసైటీకి రెండు పూటలా పాలు పోసేదాన్నే. నా రెండు ఆవులూ కళ్ళముందు నిలబడ్డాయి, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను. అప్పుడు తమ్ముడు అన్నాడు.

"సరే, మా పాప మీ ఇంటికి వస్తా ఉంది. దాని పండ్లు తెల్లగా ఉండల్ల. దానికోసరం మీ ఊరికి పైపు నేనే భుజాన మోసుకోని వస్తాను. మీరు పక్కన నిలబడి చూస్తే చాలు."

ఇట్లా మాటకు మాట తొమ్మిది నిమిషాలు నడిచింది. చివరికి వాళ్ళ పక్షంలో ఒక పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూడా ఆపుకోలేక ఫక్కున నవ్వేసింది. మా వియ్యంకుడు పంచె ఎగగట్టి మాకు సాంబారు వడ్డించాడు. నేను ఎదురుగా నిలబడి మొదటినుంచి చివరిదాకా ఫోన్లో తీశాను. తక్కినవాళ్ళందరూ తలా ఒక ముక్క తీసుకున్నారు. ఈ కాలంలో ఎవరైనా తీసేది ఫోన్లో స్టేటస్ పెట్టుకునేంత ముక్కే కదా. పెళ్ళి వీడియో తీసినవాళ్ళు ఆ ఘట్టం మొత్తానికీ ఒక సినిమా పాట అతికించి ఇచ్చారు. అందులో పెదవులు కదులుతాయి, మాట వినిపించదు.

ఎనిమిది నెలలకు యూనియన్ కౌన్సిలర్ ఎన్నిక వచ్చింది. రెండు ఊళ్ళూ ఒకటే వార్డు. తమ్ముడు నామినేషన్ వేశాడు. పార్టీవాళ్ళు పిలిచి టికెట్ ఇచ్చారు, వాడు అడుక్కోలేదు. పైపు సంగతి పదవి ఉంటేగానీ తేలదని వాడికి అర్థమైపోయింది. మా వాడు గెలుస్తాడని ఎదుటి పక్షంవాళ్ళే టీ కొట్ల దగ్గర అనుకునేవాళ్ళు.

నామినేషన్ వేసిన మూడోరోజు పొద్దున ఆ వీడియో వచ్చింది. పద్నాలుగు సెకన్లు. "మీ ఊరికి మంచినీళ్ళేమిటికి" దగ్గర మొదలు, "గుర్తుపట్టేదెట్ల" దగ్గర ఆఖరు. కింద తమిళంలో అర్థం వేశారు. ఆ అర్థంలో తప్పు పట్టడానికి ఒక్క అక్షరం లేదు. పైన మాత్రం ఒక వాక్యం చేర్చారు: నీళ్ళు అడిగిన ఊరికి ఈయన ఇచ్చిన జవాబు.

తీసింది మా వియ్యంకుడి అక్క కూతురు, కాలేజీలో చదివే పిల్ల. పెళ్ళి రోజే నవ్వు బొమ్మలు పెట్టి సరదాగా స్టేటస్ పెట్టుకుంది. ఎవడో దాన్ని ఎనిమిది నెలలు దాచుకున్నాడు. నవ్వు బొమ్మలు తీసేసి, పైన ఆ వాక్యం అతికించి వదిలాడు. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి ఏడ్చింది. దాన్ని ఏమనగలను? దాని తప్పేముంది అందులో?

తమ్ముడు మొదట తేలిగ్గా తీసుకున్నాడు. చెబితే అర్థం చేసుకుంటారన్నాడు. పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి, ఎవరో ఫోన్ పట్టుకుంటే మాట్లాడాడు. "అన్నాను, నిజమే, కానీ అది పెళ్ళి ఆటలో అన్న మాట, మా ఆచారం అది" అని నిమిషం సేపు వివరించాడు. మరుసటి రోజుకు అది కూడా ముక్కయింది. "అన్నాను, నిజమే" అన్నంతవరకే ఉంచారు. పాత ముక్క పక్కన కొత్త ముక్క పెట్టి, ఒప్పుకున్నాడు చూడండి అని తిప్పారు. నోరు తెరిస్తే ఒక ముక్క ఇచ్చినట్టే అవుతోంది. ఇక నోరు మూసుకోమని పార్టీవాళ్ళే చెప్పారు.

అన్నిటికంటే నా కడుపు మండించింది ఎదుటి పక్షం సభలో మాట్లాడినవాడు. మైకు పట్టుకుని, చాలా నెమ్మదిగా, తెలివిగా అడిగాడు. "ఆటలో అన్న మాట అంటున్నారు. వీడియో మళ్ళీ చూడండి. చుట్టూ ముప్పై మంది కూర్చుని ఉన్నారు. ఒక్కరి మొహంలోనైనా నవ్వు ఉందా? సరదాకి అన్న మాటైతే ఒక్కరైనా నవ్వరా?" జనం అవునవును అన్నారు. నేను మా వీధి మొగదల నిలబడి ఆ మైకు వింటున్నాను. నవ్వకూడదన్నదే ఆటరా వెధవా అని గొంతుదాకా వచ్చింది. ఎవరికి చెప్పేది? మా ఆచారం మా పది ఇళ్ళకు తెలుసు. తక్కినవాళ్ళకు కనిపించేది బిగుసుకున్న ముప్పై మొహాలు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. అంతకుముందు ఏడాది ఒక పెద్ద నాయకుడి మాట అని ఇట్లాంటి ముక్కే నా ఫోనుకు వచ్చింది. పేదవాళ్ళ గురించి చాలా నీచమైన మాట. పాలు పిండుకుంటూ విన్నాను, వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను, ఇంకో పదిమందికి పంపాను. ఆ మనిషి దానికి ముందు ఏమన్నాడో, తర్వాత ఏమన్నాడో నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. మా ఊరి జనాన్ని తిట్టే అర్హత నాకు లేదు. అయినా తిడుతూనే ఉన్నాను.

వారం తర్వాత తమ్ముడు ఆ ఊళ్ళో ఇంటింటికీ తిరగడానికి పోయాడు. పోవద్దని అందరూ అన్నారు. మొహం చాటేస్తే నిజమే అనుకుంటారని పోయాడు. నేనూ వెంట పోయాను. ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా ఖాళీ బిందెలు పెట్టారు. అరవలేదు, తిట్టలేదు. ఒక ముసలామె ముందుకు వచ్చింది. ఆమె సంతకం వాడు రాసిన ప్రతి అర్జీలోనూ ఉంది. వేలిముద్ర వేయనని పట్టుబట్టి, సంతకం నేర్చుకుని పెట్టింది. వాడు ఆమెను ఎప్పుడూ అమ్మా అనే పిలుస్తాడు. ఆమె తమ్ముడి ముందు నిలబడి, రెండు వేళ్ళతో పెదవి పైకెత్తి పళ్ళు చూపించింది. "బాగా చూడు నాయనా. అందంగా ఉన్నాయా?" అని తమిళంలో అడిగింది.

వాడు చేతులు జోడించాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. పక్కనే ఇద్దరు ఫోన్లు పట్టుకుని ఉన్నారు. మూడు ఇళ్ళ అవతల నా కూతురు గడపలో నిలబడి అంతా చూస్తోంది. ఆరో నెల దానికి. మమ్మల్ని రమ్మనలేదు, లోపలికీ పోలేదు. మేం అక్కడినుంచే వెనక్కి తిరిగి వచ్చేశాం.

దారిలో తమ్ముడి వెంట తిరిగే పార్టీ మనిషి ఒకతను అన్నాడు, పూర్తి వీడియో ఎవరి దగ్గరైనా ఉంటే చాలు, పైపు భుజాన మోసుకొస్తానన్న మాట బయటపడితే ఈ ఊరే మళ్ళీ మనవైపు తిరుగుతుందని. మధ్యలో వియ్యంకుడి మాట ఉందే అన్నాను. దాన్ని కత్తిరించి పెడదాం అన్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. "మనమూ కత్తిరిస్తే వాళ్ళకూ మనకూ తేడా ఏముండాది? వీడియో మధ్యలో ఎగిరితే పూర్తిగా చూపియ్యమంటారు. పెడితే మొత్తం పెట్టల్ల, లేదంటే లేదు." వాడు చెప్పింది నిజమే. మొత్తం పెడితే మా వియ్యంకుడి మాటా బయటికి వస్తుంది. పాల సొసైటీ సెక్రటరీ నోటినుంచి, మా ఊరివాళ్ళు పాలు కాదు నీళ్ళు పోస్తారు, సున్నం కలుపుతారు అని. దాన్ని ముక్క చేయడానికి మా ఊళ్ళో మనుషులు లేరా?

ఆ మధ్యాహ్నమే కూతురు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"అమ్మా, ఆ వీడియో నీ దగ్గర ఉండాది గదా. నువ్వు తీస్తా ఉంటే నేను చూసినాను. ఎవురికీ ఇయ్యొద్దు. మామ మాట బయటికొస్తే సొసైటీలో ఆయన్ను ఉండనియ్యరు. అప్పుడు ఈ ఇంట్లో నేనుండేదెట్ల?"

"మీ మామ ఒక్క మాట చెప్తే చాలు గదమ్మా, అది ఆట అని."

"అడిగినాను. పలకలేదు."

సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. కుశల ప్రశ్నలు అడిగాడు, ఆవులు ఎన్ని లీటర్లు ఇస్తున్నాయో అడిగాడు. తర్వాత, "చెల్లెమ్మా, నేను ఏ పార్టీ మనిషినీ కాను. సొసైటీ మనిషిని. రెండు ఊళ్ళూ నాకు కావల్ల. నన్ను దీంట్లోకి లాగొద్దు. పాపను మేం బాగానే చూసుకుంటా ఉండాం" అన్నాడు. ఆ చివరి మాట ఆయన ఎందుకన్నాడో నాకు బాగా అర్థమైంది. జంపఖానా మీద అంత ధైర్యంగా కూర్చున్న మనిషి, ఫోన్లో ఎంత మర్యాదగా బెదిరించాడో. "సరే అన్నా" అన్నాను.

మరుసటి రోజు పొద్దున పాకలో పాలు పిండుతుంటే తమ్ముడు వచ్చాడు. చొక్కా కూడా సరిగ్గా వేసుకోలేదు. వారం రోజుల్లో మనిషి సగమైపోయాడు. దూడను విప్పి కట్టి, కుడితి బకెట్టు జరిపి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఆ పొద్దు వీడియో మొత్తం నీ దగ్గర ఏమన్నా ఉండాదా?"

నేను తల ఎత్తలేదు. పొదుగు మీదే చెయ్యి ఉంది.

"లేదురా. ఫోను మార్చినాను గదా. పోయింది."

ఫోను మార్చలేదు. అదే ఫోను నా కొంగులో దోపి ఉంది. వాడు సరేలే అక్కా అన్నాడు. పాల క్యాను అందుకుని సొసైటీ దాకా తనే మోసుకుపోయి పోసి వచ్చాడు.

తర్వాత పోలింగు దాకా పదకొండు రోజులు. పదకొండు రోజులూ ఫోను తీస్తూ పెడుతూ ఉన్నాను. ఒక్కసారి ఆ వీడియో తెరిచి, పంపడానికి ఊరి గ్రూపు దాకా పోయి, కూతురి ఫొటో కనిపించి మూసేశాను. నాకు నేను ఎన్నో సమాధానాలు చెప్పుకున్నాను. పదవి ఈసారి కాకపోతే ఇంకోసారి వస్తుంది, పిల్ల కాపురం పోతే రాదు అనుకున్నాను. తొమ్మిది నిమిషాలు ఎవరు చూస్తారు అనుకున్నాను. చూసినా నమ్మరు అనుకున్నాను. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ ఇవేవీ నేను వాడికి చెప్పలేదు. నేను చెప్పింది ఒకటే, లేదని.

తమ్ముడు ఓడిపోయాడు. మా ఊళ్ళో బాగానే పడ్డాయి. ఆ ఊళ్ళో మాత్రం మా వాళ్ళ ఇళ్ళ ఓట్లయినా వచ్చాయా అని నాకు అనుమానమే. గెలిచినవాడు పైపు గురించి ఇంతవరకూ మాట్లాడలేదు. అడిగినవాళ్ళూ లేరు. వాళ్ళకు కోపం వచ్చింది, ఆ కోపం తీర్చుకున్నారు, ఇప్పుడు అదే బోరునీళ్ళు తాగుతున్నారు. నా కూతురూ అవే తాగుతోంది.

ఫలితాలు వచ్చిన పది రోజులకు దాని శ్రీమంతం. గాజులు, పళ్ళు సర్దడానికి తమ్ముడు పొద్దున్నే వచ్చాడు. సాయంత్రం అన్నీ బుట్టల్లో సర్ది, వసారాలో కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడు నేనే ఉండబట్టలేక అన్నాను. ఆ వీడియో దొరికి ఉంటే ఇట్లా అయ్యేది కాదేమోరా అని. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నా తప్పు వాడిచేత కొట్టేయించుకుందామనే అయి ఉంటుంది.

వాడు గ్లాసు కింద పెట్టాడు.

"నా దగ్గర ఉండాదిక్కా. నీ మరదలు కూడా తీసింది, నీ పక్కనే నిలబడుకోని. మొత్తం తొమ్మిది నిమిషాలు."

అడిగాను.

"మరి ఎందుకు పెట్టలేదురా?"

"పాప ఆ ఇంట్లో ఉండాది గదా."

"అట్లయితే నన్నెందుకు వచ్చి అడిగినావు?"

వాడు నా వైపు చూడలేదు. బుట్టలో గాజుల పెట్టెలు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంకోసారి చూశాడు.

"'ఉండాదిరా, ఇయ్యలేను' అంటావేమోనని అడిగినా. ఆ మాట నీ నోట వింటే చాలనిపించింది. అంతే."

కాఫీ పూర్తిచేసి, గ్లాసు కడిగి బోర్లించి పోయాడు. మరుసటి రోజు శ్రీమంతంలో మేనమామ చేయవలసినవన్నీ చేశాడు. మా వియ్యంకుడి పక్కనే బంతిలో కూర్చుని భోంచేశాడు. ఇప్పటికీ వారానికి రెండుసార్లు వస్తాడు. ఆవులకు గడ్డి తెస్తాడు, మందులు తెస్తాడు, కరెంటు పోతే మనిషిని పిలుచుకొస్తాడు. చిన్నప్పటినుంచీ ఏ పని మొదలుపెట్టినా అక్కా ఏమంటావు అని అడిగేవాడు. ఆ రోజునుంచి నన్ను ఒక్క మాట కూడా అడగలేదు.